ఏ వైపూ కాని ఆట: బెల్‌ఫాస్ట్‌లో ఐస్ హాకీ

ఉత్తర ఐర్లండ్‌లో "మీది ఏ ఫుట్‌బాల్ జట్టు?" అని అడగడం మన ఊళ్లలో ఇంటిపేరు అడిగి కులం ఆరా తీయడం లాంటిది. సెల్టిక్ అంటే క్యాథలిక్, రేంజర్స్ అంటే ప్రొటెస్టెంట్ అని ఎదుటివాళ్లు వెంటనే లెక్క కట్టేస్తారు. ఆ రెండూ బెల్‌ఫాస్ట్ జట్లు కూడా కావు, సముద్రానికి అవతల గ్లాస్గోవి. అయినా మ్యాచ్ ఉన్న వారాంతాల్లో ఇక్కడి అభిమానులు ఓడెక్కి వెళ్లి చూసొస్తారు. దేశం జట్టు విషయంలోనూ అంతే. విండ్సర్ పార్క్‌లో ఆడే ఉత్తర ఐర్లండ్ జట్టును ఒక వైపువాళ్లు ఎక్కువగా తమదనుకుంటారు. రెండో వైపు చాలామంది మనసు డబ్లిన్‌లో ఆడే ఐర్లండ్ రిపబ్లిక్ జట్టు మీద ఉంటుంది. మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్ గురించి మాత్రం అందరూ నిర్భయంగా మాట్లాడుకుంటారు. టీ బ్రేక్‌లో ఎవరైనా ఫుట్‌బాల్ ఎత్తారంటే అది దాదాపుగా ఇంగ్లండ్ ఫుట్‌బాలే.

నేను ఇక్కడ నర్సుగా పని చేస్తున్నాను. ఈ సంగతులు ఎవరూ నన్ను కూర్చోబెట్టి చెప్పలేదు. ఉద్యోగం దరఖాస్తుతోనే మొదలయ్యాయి. దాంతోపాటు ఒక కాగితం వచ్చింది. అందులో మూడు గడులు: ప్రొటెస్టెంట్ సమాజం, రోమన్ క్యాథలిక్ సమాజం, ఈ రెండూ కాదు. పది మందికి మించి ఉద్యోగులున్న సంస్థలు ఈ వివరం సేకరించి లెక్క చెప్పాలని చట్టం. ఒకప్పుడు ఇక్కడ పెద్ద పెద్ద కార్ఖానాల్లో ఉద్యోగాలు ఒకే వర్గానికి వెళ్లేవి. టైటానిక్ కట్టిన హార్లండ్ అండ్ వుల్ఫ్ ఓడల కార్ఖానా మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అందుకే 1989లో చట్టం తెచ్చి ఈ లెక్కలు మొదలుపెట్టారు. నేను మూడో గడిలో టిక్ పెట్టాను. తెలుగువాళ్లం, మలయాళీలం, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్లం, ఇక్కడ చాలామందిమి ఆ మూడో గడివాళ్లమే. పని చేసే చోటికి ఫుట్‌బాల్ చొక్కాలు, జెండాల గుర్తులు తేకూడదన్న మాట కూడా చేరిన మొదటి రోజుల్లోనే విన్నాను.

మా వార్డులో ఇద్దరు సీనియర్ నర్సులున్నారు. ఒకావిడది ఫాల్స్ రోడ్డు, ఇంకొకావిడది న్యూటౌనార్డ్స్ రోడ్డు. మొదటిది క్యాథలిక్ పేట, రెండోది ప్రొటెస్టెంట్ పేట; ఈ ఊరు తెలిసినవాళ్లకు ఆ రెండు రోడ్ల పేర్లు చెబితే చాలు. ఏళ్ల తరబడి కలిసి నైట్ డ్యూటీలు చేశారు, ఒకరి ఇంట్లో శుభకార్యానికి ఒకరు వెళ్లారు. కలిసి ఫుట్‌బాల్ మ్యాచ్‌కు మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. శనివారాలు మాత్రం రోటా మార్పించుకుని మరీ ఇద్దరూ కలిసి బెల్‌ఫాస్ట్ జెయింట్స్ ఐస్ హాకీ మ్యాచ్‌కు వెళ్తారు. నన్ను మొదటిసారి తీసుకెళ్లింది వాళ్లే.

ఆ హాలు లాగన్ నది ఒడ్డున, సిటీ సెంటర్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. 2000లో ఒడిస్సీ అరీనా పేరుతో తెరిచారు, ఇప్పుడు ఎస్‌ఎస్‌ఈ అరీనా అంటున్నారు. హాకీకి ఎనిమిది వేల మందికి పైగా పడతారు. అది ఏ పేటలోదీ కాదు. తూర్పు నుంచైనా, పడమర నుంచైనా అవతలివాళ్ల వీధి గుండా నడవకుండా చేరుకోవచ్చు. బయటివాళ్లకు ఇది చిన్న విషయంలా అనిపించవచ్చు. పేటల మధ్య ఇప్పటికీ ఎత్తైన గోడలు నిలబడి, కొన్ని గేట్లకు రాత్రి తాళాలు పడే ఊళ్లో అది చాలా పెద్ద విషయం.

జట్టు కూడా అదే సంవత్సరం పుట్టింది. రెండు వర్గాల మధ్య హింసను ఆపిన గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం జరిగి అప్పటికి రెండేళ్లు. మొదలుపెట్టినవాళ్లు ఒక్కొక్క సంగతీ ఆలోచించి పెట్టారు. ఇక్కడ ఆకుపచ్చకు ఒక అర్థం, నీలానికి ఇంకో అర్థం, నారింజకు మరో అర్థం. అందుకని చొక్కాకు నెమలికంఠం రంగు ఎంచుకున్నారు. జట్టు బొమ్మగా ఫిన్ మెకూల్ అనే పాత కథల రాక్షసుణ్ణి పెట్టారు. అతను రెండు వర్గాలకన్నా ముందటివాడు, కాబట్టి ఇద్దరివాడూ. ఫుట్‌బాల్ చొక్కాలతో లోపలికి రానివ్వలేదు, జాతీయ గీతాలు పెట్టలేదు. "జెయింట్స్ నేలలో అందరూ సమానమే" అన్నది వాళ్ల నినాదం. నాకు ఇందులో నచ్చేది, వాళ్లు ఐక్యత గురించి ఉపన్యాసాలు ఇవ్వకపోవడం. రంగు మార్చారు, పాట తీసేశారు, టికెట్ అమ్మారు, జనం వచ్చారు.

ఆట గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర హాకీ అంటే పచ్చిక మీద ఆడేదే. ఇక్కడ ఒక్కో జట్టుకు ఐదుగురు ఆటగాళ్లు, ఒక గోలీ (గోల్ కాపలాదారు). ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఆటగాడు ఐస్ మీద ఉండేది ఒక విడతకు నిమిషం లోపే. ఆ కాసేపట్లో ఉన్న బలమంతా పెట్టేసి, గోడ దూకి బెంచీ మీదకు వస్తాడు, ఇంకొకడు అటు దూకుతాడు. ఆట ఆగదు. తప్పు చేసినవాణ్ణి రెండు నిమిషాలు ఒక గాజు గదిలో కూర్చోబెడతారు, ఆ సమయంలో అతని జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. రూల్స్ ఏమీ తెలియకపోయినా ఆ రెండు నిమిషాల్లో ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. నేను కూర్చున్న వరసలో బామ్మలున్నారు, చంటిపిల్లలున్నారు, యూనివర్సిటీ కుర్రాళ్లున్నారు. అవతలి జట్టువాళ్లు కూడా మధ్యలోనే కూర్చున్నారు, వాళ్లను వేరు చేయడానికి పోలీసుల వరస లేదు.

తెనాలికి ఫోన్ చేసి చెబితే అమ్మ "బయట చలి చాలదా తల్లీ, డబ్బిచ్చి మరీ ఐసు పక్కన కూర్చున్నావా?" అంది. లోపల కోటు వేసుకుంటే సరిపోతుందని చెప్పాను. ఎందుకు బాగుందో మాత్రం ఆ రోజు ఫోన్లో చెప్పడం కుదరలేదు. ఈ ఊరికి వచ్చాక, నేను ఎవరి పక్షమో తేల్చుకోవాలని చూడకుండా నన్ను నా మానాన వదిలిన మొదటి గుంపు అది.

2024 ఆగస్టులో వలసవాళ్లకు వ్యతిరేకంగా బెల్‌ఫాస్ట్‌లో అల్లర్లు జరిగాయి. వలసవాళ్ల దుకాణాలు పగలగొట్టారు, కొన్నిటిని తగలబెట్టారు. ఆ వారం మేము డ్యూటీకి ఒంటరిగా వెళ్లలేదు. రాత్రి హ్యాండోవర్ అయ్యాక ఆ ఇద్దరు నర్సులే వంతులు వేసుకుని మమ్మల్ని కార్లో ఇళ్ల దగ్గర దింపారు. సెప్టెంబరులో హాకీ సీజన్ మొదలైంది. వెళ్లాలా వద్దా అని మావారు, నేను చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. వెళ్లాం. అక్కడ కూడా భయం పూర్తిగా పోయిందని చెప్పను. కానీ అన్ని వేలమంది మధ్య తల వంచుకోకుండా కూర్చోగలిగాను.

ఇంతకీ ఫుట్‌బాల్ రాజ్యమేలే దేశంలో ఈ ఆట పెరుగుతుందా? హాలు చూస్తే పెరిగినట్టే. జెయింట్స్ రెండో సీజన్‌లోనే, 2001-02లో, అప్పటి బ్రిటన్ పెద్ద లీగ్ అయిన సూపర్‌లీగ్ గెలిచారు. ఆ లీగ్ డబ్బు చాలక 2003లో మూతపడింది, తర్వాత వచ్చిన ఎలీట్ లీగ్‌లో పది జట్లు ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌ల నుంచి ఆడుతున్నాయి. 2022-23లో జెయింట్స్ లీగ్, కప్, సీజన్ చివర జరిగే ప్లేఆఫ్స్ మూడూ గెలిచారు. 2015 నుంచి, కోవిడ్ కాలం తప్ప, అమెరికా యూనివర్సిటీ జట్లు ఏటా నవంబరులో ఇక్కడికొచ్చి ఫ్రెండ్‌షిప్ ఫోర్ పేరుతో టోర్నమెంట్ ఆడుతున్నాయి. ప్రపంచంలో ఏ మూల చూసినా ఒక ఫుట్‌బాల్ దేశంలో పాతికేళ్లలో ఇంత సాధించడం తక్కువేం కాదు.

కానీ ఆ ఐస్ మీద ఆడేది ఎవరు? ఎక్కువమంది కెనడా, అమెరికాల నుంచి కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లు. వీసా, ఒక సీజన్ జీతం, క్లబ్బు ఇచ్చిన ఫ్లాటు. ఏప్రిల్‌లో ఆట అయిపోతే వచ్చే ఏడు ఏ ఊరో తెలియదు. అంటే వాళ్లూ మాలాంటి వలస కూలీలే. ఈ మాట నేను గౌరవంతోనే అంటున్నాను. కొందరు ఇక్కడే ఉండిపోయారు. కెప్టెన్‌గా ఆడిన ఆడమ్ కీఫ్ 2017లో ఇదే జట్టుకు కోచ్ అయ్యాడు. బ్రిటన్ హాకీ చరిత్రే వలసలతో నిండి ఉంది. 1936 వింటర్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన జట్టులో ఎక్కువమంది బ్రిటన్‌లో పుట్టి కెనడాలో పెరిగినవాళ్లు.

దీనికి ఎదురు కథ ఓవెన్ నోలన్‌ది. 1972లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. పసివాడిగా ఉన్నప్పుడే కుటుంబం కెనడా వెళ్లిపోయింది. 1990లో ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల పెద్ద ఐస్ హాకీ లీగ్) కొత్త ఆటగాళ్ల ఎంపికల్లో దేశదేశాల కుర్రాళ్లలో మొట్టమొదట ఎంచుకున్నది అతన్నే. అతని తల్లిదండ్రులు ఇక్కడే ఉండిపోయి ఉంటే ఏమయ్యేవాడు? అప్పట్లో ఈ ఊళ్లో స్కేటింగ్ నేర్చుకునే చోటు దొరకడమే కష్టం. ఊరి చివర డండొనాల్డ్ ఐస్ బౌల్ అనే స్కేటింగ్ రింక్ తెరిచింది 1986లో. ఇవాళ్టికీ ఉత్తర ఐర్లండ్ మొత్తానికి జనానికి అందుబాటులో ఉన్న పెద్ద రింక్ అదొక్కటే. సరిహద్దు దాటితే దక్షిణాన పరిస్థితి ఇంకా కష్టం. డండాక్‌లో 2006లో ఒక రింక్ తెరిచారు, 2010లో మూసేశారు. దాంతో ఐర్లండ్ జాతీయ జట్టుకు సొంత గడ్డ మీద ప్రాక్టీసు చేసుకునే ఐస్ లేకుండా పోయింది.

నా దృష్టిలో అసలు సమస్య ఇదే. ఫుట్‌బాల్‌కు బంతి, వీధి చాలు. ఇక్కడ ప్రతి పేటలోనూ గడ్డి మైదానం ఉంది, సాయంత్రం ఒక నాన్న ఈల పట్టుకుని నిలబడితే కోచింగ్ అయిపోతుంది. హాకీకి మంచు గడ్డకట్టించే యంత్రాలు పగలూ రాత్రీ నడవాలి, కరెంటు బిల్లు కట్టాలి. స్కేట్లు, హెల్మెట్, ప్యాడ్లు, కర్ర కొనాలి. ఏడాది తిరిగేసరికి పిల్లల పాదం పెరిగి స్కేట్లు మళ్లీ కొనాలి. ఐస్ టైమ్ కోసం మామూలు స్కేటింగ్‌వాళ్లు, ఫిగర్ స్కేటింగ్‌వాళ్లు, జూనియర్ జెయింట్స్ అనే పిల్లల జట్లు అందరూ ఒకే చోట పోటీ పడాలి. దాంతో పిల్లల ప్రాక్టీసు వేళగాని వేళల్లో పడుతుంది. కారు లేని ఇంటికి అది కుదరని పని.

ఇంకో సంగతి ఉంది, దీన్ని బాహాటంగా ఎవరూ మాట్లాడరు. డండొనాల్డ్ ఊరికి తూర్పు కొసన ఉంది, ప్రొటెస్టెంట్లు ఎక్కువగా ఉండే వైపు. మ్యాచ్ చూడటానికి అందరూ నది ఒడ్డుకు వస్తారు, నిజమే. ఆట నేర్చుకోవడానికి మాత్రం పడమటి బెల్‌ఫాస్ట్ పిల్లాడు ఊరంతా దాటి అటు వెళ్లాలి. మా ఫాల్స్ రోడ్డు నర్సు మనవడు స్కేటింగ్ నేర్చుకుంటానని గొడవ చేస్తే, రెండు బస్సులు మారి తీసుకెళ్లేవాళ్లు లేక ఆ సంవత్సరం ఐర్లండ్ సొంత ఆట అయిన గేలిక్ ఫుట్‌బాల్‌లో చేర్చారు. పిల్లాడు సంతోషంగానే ఉన్నాడు. హాకీకి మాత్రం ఒక పిల్లాడు తగ్గాడు. హాల్లో కూర్చున్నవాళ్లలో ఉన్న సమానత్వం ఐస్ మీద రాకపోతే, ఇది ఎప్పటికీ చూసే ఆటగానే ఉంటుంది.

పిల్లలను పంపే ముందు తల్లిదండ్రులు అడిగే ఇంకో ప్రశ్న భద్రత. 2023 అక్టోబరు 28న షెఫీల్డ్‌లో జరిగిన మ్యాచ్‌లో నాటింగ్‌హమ్ పాంథర్స్ ఆటగాడు ఆడమ్ జాన్సన్ మెడకు స్కేటు బ్లేడు తగిలి చనిపోయాడు. అతనికి 29 ఏళ్లు. ఆ తర్వాతే, 2024 జనవరి నుంచి, ఎలీట్ లీగ్‌లో మెడకు రక్షణ పట్టీ తప్పనిసరి చేశారు. గాయాలు రోజూ చూసే మనిషిగా చెబుతున్నాను, ఆ పట్టీ లేకుండా ఏ పిల్లాణ్ణీ ఏ స్థాయిలోనూ ఐస్ మీదకు దింపకూడదు. దాని ఖర్చు క్లబ్బులే భరించాలి.

బ్రిటన్ జాతీయ జట్టు సంగతి చూస్తే ఆశ కలుగుతుంది. 2018లో ప్రపంచ పోటీల పై డివిజన్‌కు ఎక్కారు. 2019లో స్లొవేకియాలోని కోషిత్సెలో ఫ్రాన్స్ మీద మూడు గోల్స్ వెనకబడి, 4-3తో గెలిచి అక్కడే నిలబడ్డారు. షెఫీల్డ్ దగ్గర మాల్ట్‌బీలో పెరిగిన లియమ్ కర్క్‌ను అదే 2018లో ఎన్‌హెచ్‌ఎల్ జట్టు ఎంచుకుంది. ఇంగ్లండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లోనే ఆట నేర్చుకున్నవాళ్లలో ఆ ఎంపిక దక్కిన మొదటివాడు అతను. తర్వాత జట్టు కిందికి పడింది, మళ్లీ ఎక్కింది, మళ్లీ పడింది, మళ్లీ ఎక్కింది. కర్క్‌కు దగ్గర్లో రింక్ ఉంది, పొద్దున్నే తీసుకెళ్లేవాళ్లున్నారు. ప్రతిభ ఆ తర్వాతి మాట.

కాబట్టి ఫుట్‌బాల్‌ను ఎలా దాటాలన్న ప్రశ్న నాకు అనవసరం అనిపిస్తుంది. దాటదు, దాటనక్కర్లేదు. డండొనాల్డ్‌లో కౌన్సిల్ కోట్ల పౌండ్లతో కొత్త భవనానికి పూనుకుంది, మంచిదే. దాంతోపాటు పడమటి వైపు పిల్లల కోసం ఒక బస్సు, అద్దె స్కేట్లు, స్కూలు టైములోనే వారానికి ఒక గంట ఐస్ ఇవ్వాలి. అరీనా నడిపేది ఒడిస్సీ ట్రస్టు అనే ధర్మసంస్థే కాబట్టి ఈ మాట అడిగే హక్కు టికెట్ కొనే మా అందరికీ ఉంది. రెండో రింక్ కడితే నది ఒడ్డునో, సిటీ సెంటర్‌లోనో కట్టాలి, అరీనా కట్టినప్పుడు ఆలోచించినట్టే. మా వార్డులోని ఇద్దరూ ఈ విషయం మీద తమ తమ కౌన్సిలర్లతో మాట్లాడుతున్నారు. ఆ కౌన్సిలర్లు వేర్వేరు పార్టీలవాళ్లు. తెలుగు సంఘం తరఫున మేమూ ఒక అర్జీ తయారు చేస్తున్నాం, దాని మీద మలయాళీ కుటుంబాలు కూడా సంతకాలు చేస్తామన్నాయి.