రంగు వేయని స్లయిడ్

మాది దర్శి దగ్గర పల్లె. మా నాయనమ్మ చివరి పదేళ్లూ నడుము నిలబెట్టలేకపోయింది. బోరు నీళ్లలోని ఫ్లోరైడే కారణమని ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల ఫ్లోరోసిస్ గురించి షార్ట్ అనే వైద్యుడి బృందం 1937లోనే వైద్య పత్రికలో రాసింది. అప్పట్లో ఇవన్నీ నెల్లూరు జిల్లా కిందే ఉండేవి. ఒంగోలు కేంద్రంగా వేరే జిల్లా ఏర్పడింది 1970లో. ఎముకల సంగతి చాలామంది చూశారు. మూత్రపిండాలకు ఏమవుతోందో చూడాలని నేను నెల్లూరులో పరిశోధనకు చేరాను.

ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఎలుకల మూత్రపిండాలను పలుచటి పొరలుగా కోసి, కిమ్-1 అనే ప్రోటీనుకు ఆకుపచ్చగా మెరిసే రంగు అంటించాను. మూత్రపిండ నాళికలు దెబ్బతింటే ఆ ప్రోటీను పెరుగుతుంది. దాన్ని స్పష్టంగా చూడాలంటే కాన్ఫోకల్ మైక్రోస్కోప్ కావాలి. ఎంచుకున్న పొర నుంచి వచ్చే వెలుగును మాత్రమే ఒక సన్నని రంధ్రం గుండా రానిచ్చి, పైనా కిందా ఉన్న మసకను అడ్డుకుంటుంది. ఖరీదు కోట్లలో ఉంటుంది. 2020 జనవరిలో మొదలైన ఐ-స్టెమ్ పోర్టల్‌లో దేశమంతటా ఏ పరికరం ఎక్కడుందో వెతకవచ్చు. అందులోనే చెన్నైలోని ఒక కేంద్రం దొరికింది. గంటల లెక్కన రుసుము కట్టి స్లాట్ తీసుకున్నాను.

వెలుగు తగిలితే రంగు వెలిసిపోతుందని స్లయిడ్ల పెట్టెకు అల్యూమినియం కాగితం చుట్టి, ఐసు ప్యాకులతో థర్మకోల్ పెట్టెలో సర్దుకుని రైలెక్కాను. గూడూరు దాటాక ఎదురు సీటులోని పెద్దావిడ "రొయ్యలా అమ్మా?" అని అడిగింది. మా నెల్లూరు వైపు అలాంటి పెట్టెలో మరేముంటుంది!

ఆ మైక్రోస్కోప్ చూసుకునే నిపుణుడికి యాభై ఏళ్లుంటాయి. నా మొదటి స్లయిడ్ తెరమీద ఆకుపచ్చగా వెలగగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన మాత్రం తెరవైపు కొంచెంసేపు చూసి, తమిళం కలిసిన తెలుగులో "రంగు వేయని స్లయిడ్ ఉందా అమ్మా?" అన్నారు. పెట్టె అడుగున మిగిలిపోయిన పొరలు రెండున్నాయి. ఒకటి పెట్టి అదే 488 నానోమీటర్ల లేజరు, అవే సెట్టింగులతో చూపించారు. అది కూడా ఆకుపచ్చగానే వెలిగింది, ఇంచుమించు అంతే.

మూత్రపిండ కణజాలానికి సొంత మెరుపు ఉంటుంది. నేను రెండు నెలలుగా కిమ్-1 అనుకుని మురిసిపోయినదాంట్లో చాలా భాగం అదే. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని ఎరుపు వైపు మెరిసే '647' అనే రంగుకు మారమన్నారు, అక్కడ ఈ సొంత మెరుపు తక్కువ. సుడాన్ బ్లాక్ అనే నల్ల రంగుతో దాన్ని ఇంకా అణచవచ్చన్నారు. లేజరు తీవ్రత ముందు రంగు లేని స్లయిడ్ మీద సరిచూసుకుని, ఆ తర్వాత ఏ స్లయిడ్‌కూ మార్చకూడదన్నారు. నా నోటు పుస్తకంలో ఆయనే బొమ్మ గీసి ఇచ్చారు. మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు వెలుగు ముందుకంటే చిన్నగా, కొన్ని నాళికల్లోనే కనిపించింది. కానీ అది నిజం.

ఆ రోజు ఆయన లేకపోతే, బొమ్మలు తీసుకుని వచ్చి తప్పు ఫలితాన్ని మా ఊరి పేరు మీద అచ్చు వేయించేదాన్ని. ఈ మాట తలచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. ఒకచోట ఖరీదైన పరికరం కొని, నడిపే మనిషి లేక, నిర్వహణ ఒప్పందం పొడిగించక మూడేళ్లుగా గుడ్డ కప్పి ఉంచడం నేను కళ్లారా చూశాను. పరికరానికి డబ్బిచ్చేవాళ్లు మనిషికీ ఇవ్వాలి, అదీ శాశ్వత ఉద్యోగంగా. చెన్నై నిపుణుడిది ఏడాదికోసారి పొడిగించే కొలువు అని తెలిసి నాకు నిద్ర పట్టలేదు. నా మొదటి వ్యాసంలో ఆయన పేరు కృతజ్ఞతల్లో కాదు, రచయితల వరుసలో ఉంటుంది. మా గైడ్ కూడా ఒప్పుకున్నారు.

నెల్లూరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది, ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. రొయ్యల జబ్బు చూసేవారికీ, మూత్రపిండం చూసే నాకూ పనికొచ్చేది ఒకటే మైక్రోస్కోప్. అందరికీ కలిపి ఒకటి, దాని పక్కన అలాంటి మనిషి ఒకరు ఇక్కడే ఉండాలని వెళ్లిన ప్రతిచోటా అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను.

వచ్చే గురువారం మళ్లీ స్లాట్ ఉంది. ఈసారి పెట్టెలో మొదటి గడి రంగు వేయని స్లయిడ్‌ది. దానికి నిన్న రాత్రే పేరు రాసి పెట్టాను.