బక్ కన్వర్టర్‌కి చిన్న ఎస్‌ఎమ్‌డీ ఇండక్టర్ వెతుక్కున్న కథ

ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ చిప్)తో ఒక సెన్సార్ బోర్డు చేస్తున్నా, దానికి 5 వోల్ట్‌ల నుంచి 3.3 వోల్ట్‌లు కావాలి. ఎల్‌డీవో (ఎక్కువైన వోల్టేజీని వేడిగా వదిలేసే రెగ్యులేటర్) పెడితే పని సులువే గానీ 600 మిల్లీఆంపియర్లు లాగినప్పుడు దాదాపు 1 వాట్ ఊరికే వేడిగా పోతుంది, డబ్బా చూస్తే చిన్నది. అందుకని 1.5 మెగాహెర్ట్జ్ బక్ ఐసీ (వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజీ తగ్గించే చిప్) తీసుకున్నా, ఇక మిగిలింది దాని పక్కన కరెంట్ ఊగిసలాటని తగ్గించే కాయిల్, అంటే ఇండక్టరే.

వాల్యూ తేల్చడం ఈజీ అండి. 3.3ని 0.34తో (1 లోంచి 3.3/5 తీసేస్తే వచ్చేది) గుణించి, ఫ్రీక్వెన్సీతోనూ మనం ఒప్పుకునే రిపుల్ (పైకీ కిందికీ ఊగే) కరెంట్‌తోనూ భాగిస్తే చాలు, 0.2 ఆంపియర్ల రిపుల్‌కి 3.7 మైక్రోహెన్రీ వచ్చింది, మార్కెట్లో దొరికేవి 3.3, 4.7. 3.3 తీసుకుంటే రిపుల్ 0.23 దాకా వెళ్తుంది, పీక్ 0.71 ఆంపియర్లు. పర్లేదు అనిపించింది.

అసలు తలనొప్పి డేటాషీట్లు తెరిచాక మొదలైంది. శాచురేషన్ కరెంట్ (కోర్ నిండిపోయి ఇండక్టెన్స్ పడిపోయే కరెంట్) అని అందరూ రాస్తారు, కానీ ఒకళ్ళు ఇండక్టెన్స్ 10 శాతం పడిపోయే కరెంట్ రాస్తే ఇంకొకళ్ళు 30 శాతం పడిపోయేది రాస్తారు, అంటే పై వరసలో కనిపించే నంబర్లు పక్కపక్కన పెట్టి పోలిస్తే మోసపోవడమే, కింద చిన్న అక్షరాల్లో ఉన్న షరతు చదవాల్సిందే. ఎంత కరెంట్‌కి కాయిల్ వేడెక్కుతుందో చెప్పే రేటింగ్‌దీ ఇదే తంతు, ఒకరిది 20 డిగ్రీలు పెరిగితే, ఇంకొకరిది 40. పైగా నా ఐసీ కరెంట్ లిమిట్ 1 ఆంపియర్ పైన ఉంది, అవుట్‌పుట్ షార్ట్ అయినా కాయిల్ శాచురేట్ అవ్వకూడదంటే నేను చూడాల్సింది ఆ లిమిట్‌ని, 0.71ని కాదు. కోర్ (కాయిల్ చుట్టిన అయస్కాంత పదార్థం) ఫెర్రైట్ అయితే వేడెక్కేకొద్దీ ఇంకా ముందే శాచురేట్ అవుతుంది, అదీ ఒక్కసారిగా. మెటల్ పౌడర్ కోర్ మెల్లగా దిగుతుంది, నాకైతే అదే నచ్చింది.

సైజు దగ్గర చాలాసేపు ఊగిసలాడా. 2.0×1.6 మిల్లీమీటర్లది ముద్దుగా ఉంది గానీ వైరు సన్నం, డీసీ రెసిస్టెన్స్ 0.3 ఓమ్ దగ్గర, ఫుల్ లోడ్‌లో 108 మిల్లీవాట్లు అందులోనే పోతాయి. 3×3ది 0.1 ఓమ్ లోపే, నష్టం 36కి దిగింది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికేవి ఎక్కువ షీల్డ్ లేని (అయస్కాంత క్షేత్రం బయటికి పాకే) డ్రమ్ కోర్ కాయిల్సే, చవకే, కానీ నా బోర్డు మీద యాంటెన్నా పక్కనే ఉంది కాబట్టి వద్దనుకుని 3×3 షీల్డెడ్‌ది ఆన్‌లైన్‌లో తెప్పించా. మీదున్న ‘3ఆర్3’ అంటే 3.3 మైక్రోహెన్రీ అని, ఆర్ ఉన్నచోట పాయింట్ అనుకోండి.

కరెంట్ ప్రోబ్ కొనే స్తోమత మనకి లేదు కదా, ఇండక్టర్‌కీ అవుట్‌పుట్ కెపాసిటర్‌కీ మధ్య 0.1 ఓమ్ రెసిస్టర్ పెట్టి, లోడ్‌గా 5.6 ఓమ్ 5 వాట్లది తగిలించి, ఆసిలోస్కోప్‌లో ఆ రెసిస్టర్ రెండు కొసల వోల్టేజీల తేడా చూశా, కరెంట్ ఆకారం అదే. త్రికోణం గీతలు తిన్నగా ఉన్నాయి, శాచురేట్ అయితే కొసలు పైకి లేస్తాయి. హాట్ ఎయిర్‌తో కాస్త వేడి చేసినా అలాగే ఉంది.

ఇంకోటి, కొన్ని పార్టుల మీద చిన్న చుక్క ఉంటుంది, వైండింగ్ మొదలయ్యే కొస అది. ఆ కొసని స్విచ్ నోడ్ (ఐసీ ఆన్, ఆఫ్ చేసే పిన్) వైపు పెడితే గోల చేసే చుట్లు లోపలుండి బయటి చుట్లు కాస్త అడ్డం ఉంటాయి. ఈ బోర్డులో అలాగే పెట్టా.