4800 దగ్గర ఇరుక్కున్న శనివారం

సియాటెల్‌లో మా పాత తెరచాప పడవ జీపీఎస్‌ని లాప్‌టాప్‌కి కలుపుదామని శనివారం పొద్దున్నే కూర్చున్నాను. గంట పని అన్నాను. మా ఆవిడ అప్పుడే నవ్వింది.

ఆ జీపీఎస్‌కి తెలిసిన భాష ఎన్‌ఎమ్‌ఈఏ 0183 ఒక్కటే, అంటే పడవ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి. రెండు సన్న తీగలు, సెకనుకి 4800 బిట్లు, అంతే. వాటిని యూఎస్‌బీ కన్వర్టర్‌కి బిగించి ఓపెన్‌సీపీఎన్ అనే సముద్ర పటాల ప్రోగ్రాము తెరిస్తే చార్టు మీద పడవ లేదు. వచ్చే డేటాని ఉన్నదున్నట్టు చూపించే టెర్మినల్ ప్రోగ్రాములో చూస్తే అన్నీ పిచ్చి అక్షరాలు. స్పీడు మార్చాను, కేబుల్ మార్చాను, డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాను. మధ్యాహ్నం దాటాక తెలిసింది, ఏ, బీ తీగలు తారుమారుగా బిగించానని! సరిచేయగానే డాలర్ గుర్తుతో మొదలయ్యే వరసలు టకటకా దిగాయి. జీపీఆర్‌ఎమ్‌సీ అనే ఒక్క వరసలోనే టైము, అక్షాంశ రేఖాంశాలు, వేగం, దిశ అన్నీ ఉంటాయి. కాసేపు అలా చూస్తూ కూర్చున్నాను.

అయినా చార్టు ఖాళీనే. టెర్మినల్ మూస్తే కదా! విండోస్‌లో ఒక కామ్ పోర్టుని, అంటే ఇలాంటి కన్వర్టర్ కనిపించే ద్వారాన్ని, ఒకేసారి రెండు ప్రోగ్రాములు వాడుకోలేవు. మూయగానే బుల్లి పడవ బొమ్మ లేక్ యూనియన్ రేవులో ప్రత్యక్షమైంది.

ఇంక చుట్టుపక్కల ఓడలు ఎక్కడున్నాయో చెప్పే ఏఐఎస్ మిగిలింది. దాని స్పీడు 38400, ఇంకో కన్వర్టర్ కావాలి. ఈసారి గంట పని అని మాత్రం అనలేదు.