కుంటుతూ వచ్చిన పగ

‘యాక్ట్ ఆఫ్ వయలెన్స్’ మొదలవగానే పేర్లు పడవు. రాత్రిపూట న్యూయార్క్‌లో ఒక పొడుగాటి మనిషి కాలు ఈడ్చుకుంటూ గబగబా రోడ్డు దాటుతాడు, మెట్లెక్కి గదిలోకి పోయి సొరుగులోంచి పిస్టల్ తీస్తాడు, అప్పుడు టైటిల్ పడుతుంది. అంతే, నటీనటుల పేర్లన్నీ చివర్లోనే. 1949లో వచ్చిన ఎంజీఎం సినిమా ఇది, నిడివి 82 నిమిషాలు. రంగుల పాటల సినిమాలకి పేరుమోసిన ఆ కంపెనీ ఇంత చీకటి కథకి డబ్బు పెట్టిందంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

తిరుపతిలో మా ఇంట్లో ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించి చూశాను. అమ్మ పక్కనే కూర్చుని పితికిపప్పు కోసం నానేసిన అనపగింజలు పితుకుతా ఉంది. ఆమెకి ఇంగ్లీషు రాదు, అయినా పది నిమిషాలు కాకముందే “ఆ కుంటాయన ఎవురి మీదికో వస్తా ఉండాడు, సూడు” అనేసింది. ఆ మాత్రం అర్థం కావడానికి భాష అక్కర్లేదు, ఆ కాలి చప్పుడు చాలు.

ఆయన వస్తున్నది ఫ్రాంక్ కోసం. కాలిఫోర్నియాలో శాంటా లీసా అనే చిన్న ఊళ్ళో ఇళ్ళు కట్టించే కాంట్రాక్టర్, రెండో ప్రపంచ యుద్ధం చేసొచ్చినవాడు, ఊరంతా గౌరవించే మనిషి. చిన్న వయసు భార్య ఈడిత్, చంటిబిడ్డ. భార్యగా వేసింది జానెట్ లీ, తర్వాత ‘సైకో’లో చేసిన ఆవిడే. ఫ్రాంక్ వేషం వాన్ హెఫ్లిన్‌ది, కుంటుతూ వచ్చే జో వేషం రాబర్ట్ ర్యాన్‌ది. చెరువులో చేపలు పట్టుకుంటున్న ఫ్రాంక్‌కి తనని వెతుక్కుంటూ ఒక కుంటి మనిషి వచ్చాడని తెలుస్తుంది, వెంటనే ఇంటికి పరిగెత్తుకొచ్చి లైట్లు ఆర్పి తలుపులు బిగించేస్తాడు, భార్యకి ఒక్క ముక్క చెప్పడు. బయట చీకట్లో ఆ కాలు ఈడ్చే చప్పుడు ఇంటి చుట్టూ తిరుగుతుంటే లోపల ఆవిడతో పాటు మనకీ టెన్షన్. సుమోలు గాల్లోకి లేచే ఫ్యాక్షన్ సినిమాలు చూసి పెరిగిన సీమవాణ్ణి, పగంటే అరుపులూ డైలాగులే అనుకున్నవాణ్ణి, ఒక చెప్పు నేల మీద రాసుకునే శబ్దానికి ఇంత భయపడతానని అనుకోలేదు.

ఇక్కడ్నించి కథ చెప్పేస్తున్నాను, చూడాలనుకునేవాళ్ళు ఆగిపోండి.

దాదాపు సగం సినిమా దాకా జో ఒక పిచ్చివాడు, ఫ్రాంక్ పాపం అమాయకుడు అని మనకి అనిపిస్తుంది. తర్వాత లాస్ ఏంజెలెస్‌లో ఒక హోటల్ మెట్ల మీద ఫ్రాంక్ భార్యకి నిజం చెబుతాడు. యుద్ధంలో దొరికిపోయి జర్మన్ల క్యాంపులో ఖైదీలుగా ఉన్నప్పుడు తన కింది సైనికులు తప్పించుకోవాలని ప్లాన్ వేస్తే, ఆ సంగతి క్యాంపు అధికారికి చేరవేసింది తనే. వాళ్ళ ప్రాణాలు కాపాడదామనే చెప్పానని మొదలుపెడతాడు, చెబుతూ చెబుతూ ఆ సాకు తనే నమ్మలేకపోతాడు. జర్మన్లు కాచుకుని ఉండి వాళ్ళందర్నీ పొడిచేశారు. బతికింది జో ఒక్కడే, కాలు అవిటిదై. ఫ్రాంక్‌కి మాత్రం తిండి పెట్టారు, తిన్నాడు. ఆ తిన్న సంగతి దగ్గర హెఫ్లిన్ మొహం చూడాలి. చంపించిన దానికంటే తిన్నందుకే ఎక్కువ సిగ్గుపడుతున్నట్టుంటుంది.

ఇదంతా అమ్మకి తెలుగులో చెప్పాను. “ఆకలికి తినింటాడు లేరా. పెండ్లానికి చెప్పేసినాడు గదా, చేసిన పాపం చెబితే పోతుంది” అంది. కొండకి వచ్చి గుండు చేయించుకుని హుండీలో ముడుపు వేసి తేలికైన మనసుతో దిగిపోయేవాళ్ళని రోజూ చూసే ఊళ్ళో ఆ మాట సహజంగానే వస్తుంది. నేను మాత్రం ఒప్పుకోలేదు. చెప్పుకోవాల్సింది ఈడిత్‌కి కాదు, జోకి. సినిమా మొత్తం ఫ్రాంక్ పారిపోతున్నది తుపాకీ నించి కాదు, జో ఎదురుగా నిలబడి ఆ మాట అనడం నించి అని నాకనిపించింది. అందుకే తాగి, మేరీ ఆస్టర్ వేసిన ప్యాట్ అనే వీధి మనిషి చేతుల్లో పడి, చివరికి జోని చంపడానికి ఒక కిరాయి హంతకుడికి ఒప్పుకునేదాకా దిగజారతాడు. లాస్ ఏంజెలెస్‌లో బంకర్ హిల్ వీధుల్లో, సొరంగంలో ఆయన పరిగెత్తే రాత్రిని రాబర్ట్ సర్టీస్ కెమెరా ఎలా పట్టుకుందంటే, ఆ భాగం ఒక్కటే మళ్ళీ పెట్టుకుని చూశాను.

డైరెక్టర్ ఫ్రెడ్ జిన్నెమన్ ఆస్ట్రియాలో పెరిగిన యూదుడు, అమ్మానాన్నలు ఇద్దరినీ నాజీల మారణహోమంలో పోగొట్టుకున్నవాడు. నాజీలకి కబురు చేరవేసినవాణ్ణి ఆయన పచ్చి విలన్‌గా చూపించి ఉంటే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆ పని చెయ్యలేదు, అలాగని క్షమించనూ లేదు.

చివర్లో మాత్రం నాకు కొంచెం అసంతృప్తి ఉంది. ఈదురుగాలి కొట్టే రాత్రి శాంటా లీసా రైల్వే స్టేషన్‌లో, జోకి తగలాల్సిన గుండుకి ఫ్రాంక్ అడ్డం పడతాడు, హంతకుడి కారుని పట్టుకుని వేలాడతాడు, అది స్తంభానికి గుద్దుకుని ఇద్దరూ పోతారు. నేరానికి శిక్ష పడి తీరాలని అప్పట్లో హాలీవుడ్ సెన్సార్ నియమం, కాబట్టి వేరే దారి లేదేమో. కానీ దీనివల్ల జో చేతికి రక్తం అంటలేదు, ఫ్రాంక్ నోటి నించి ఆ ఒక్క మాట రానూ లేదు, ఇద్దరికీ సులువైపోయింది. ఎదురెదురుగా ఒక్క నిమిషం నిలబెట్టి ఉంటే బావుండేది. జో వెంట తిరిగి, వద్దు వద్దని బతిమాలే అతని ప్రియురాలు ఆన్ పాత్రకి కూడా ఆ బతిమాలడం తప్ప వేరే పనేమీ ఇవ్వలేదు.

ఈడిత్‌కి తనే వెళ్ళి చెబుతానంటాడు జో, సినిమా అయిపోతుంది. అమ్మ గింజల గిన్నె తీసుకుని లేస్తూ, “మరి ఆ తాగినోణ్ణి ఇంట్లో పండబెట్టిన ఆడమనిషి ఏమైపోయిందిరా?” అని అడిగింది. ప్యాట్ సంగతి తర్వాత సినిమా ఎత్తనే ఎత్తదు. నేను కూడా అమ్మ అడిగేదాకా ఆవిణ్ణి మర్చేపోయాను.