పది అంగుళాలు

పోయిన ఆషాఢ చతుర్దశికి సింహాచలంలో కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి గిరిప్రదక్షిణకి బయల్దేరుతుంటే, నా ముందున్న ఒకాయన దండం పెట్టిన తీరు ఇప్పటికీ మనసులోంచి పోవడం లేదు. కుడిచేతిలో ఫోను, వీడియో నడుస్తోంది. ఎడంచెయ్యి ఒక్కటీ గుండె దాకా తెచ్చి, తల కాస్త వంచి, దండం అయిందనిపించి కదిలిపోయాడు. ఆయన్నొక్కణ్ణే ఎందుకనాలి, చుట్టూ చాలామంది అలాగే ఉన్నారు. ఒంటిచేత్తో దండం పెట్టకూడదని మన ఇళ్ళల్లో పసిపిల్లలకి కూడా చెబుతాం. ఎందుకు పెట్టకూడదో వేదంలోని పురుషసూక్తం మొదటి మంత్రంలోనే ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది, అది చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

సహస్రశీర్షా పురుషః, సహస్రాక్షః సహస్రపాత్, స భూమిం విశ్వతో వృత్వా, అత్యతిష్ఠద్దశాంగులమ్. రోజూ అభిషేకంలో వింటున్నదే. ఆ పరమపురుషుడికి వెయ్యి తలలు, వెయ్యి కళ్ళు, వెయ్యి పాదాలు అని వేలతో మొదలుపెట్టి, భూమినంతా కమ్ముకున్నాడని చెప్పి, తీరా ఆయన ఎంత మించి నిలిచాడో చెప్పాల్సిన చోట వేదం పదికి దిగింది, అదీ అంగుళాలకి! యోజనం లేదా, ఆమడ లేదా, క్రోసు లేదా? అంత పెద్దవాడికి ఇంత చిన్న కొలతేమిటని చిన్నప్పుడు మా నాన్నని అడిగితే, "ముందు స్వరం సరిగ్గా పలుకు, తర్వాత అదే తెలుస్తుంది" అన్నారు. తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఇక్కడ అంగుళం అంటే స్కేలు మీది ఇంచి కాదు. బడిలో రెండింటికీ ఒకే పేరు నేర్చుకోవడంతో మనకీ పొరపాటు అలవాటైపోయింది. అంగుళం అంటే వేలి వెడల్పు, ముప్పావు ఇంచికి కాస్త అటూ ఇటూ. శిల్పశాస్త్రంలో ఎనిమిది యవగింజలు పక్కపక్కన పేరిస్తే ఒక మానాంగుళం. మాత్రాంగుళం అని ఇంకొకటుంది, అది మనిషి నడిమివేలి నడిమి కణుపు కొలత. నాలుగు వేళ్ళు చేరిస్తే బెత్తెడు, పన్నెండు అంగుళాలు జానెడు, రెండు జానలు మూరెడు, నాలుగు మూరలు బారెడు. ఒక్కటైనా మన ఒంటికి బయట ఉందా? విశాఖ పూర్ణా మార్కెట్లో పూలమ్మే ఆవిడ మోచేతి నుంచి వేలికొస దాకా దండ సాచి "మూర ఇంత తల్లీ" అంటుంది చూడండి, ఆ చెయ్యే ఆవిడ కొలబద్ద. సింహాచలం గుడిలో కప్పస్తంభాన్ని కౌగిలించుకున్నప్పుడు మనం చాచేది కూడా మన బారే.

సరే, దశాంగులం. వేదానికి భాష్యం రాసిన సాయణులు దీన్ని ఉపలక్షణమన్నారు, అంటే పది అని లెక్క కట్టడం కాదు, బ్రహ్మాండానికి బయట కూడా అంతటా ఉన్నాడని. ఇంకొందరు పెద్దలు నాభి నుంచి పైకి పది అంగుళాలు కొలిచి, అక్కడ హృదయంలో ఉన్నాడన్నారు. నాకు ఈ రెండోది ప్రాణం. ఎందుకంటే నారాయణసూక్తం కూడా "అధో నిష్ట్యా వితస్త్యాంతే నాభ్యాముపరి తిష్ఠతి" అంటుంది. వితస్తి అంటే మన జానెడే. గొంతు గుంట నుంచి జానెడు కిందకి, నాభికి పైన. ఒక సూక్తం పైనుంచి కొలిచింది, ఇంకోటి కిందినుంచి కొలిచింది. ఒకసారి కళ్ళు మూసుకుని మీ చేత్తోనే చూసుకోండి. గొంతు కింద బొటనవేలు ఆనించి జాన చాచండి, తర్వాత బొడ్డు మీదినుంచి పది వేళ్ళూ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ రండి. రెండూ దాదాపు ఒక్కచోటికే వస్తాయి. అది మొదటిసారి చూసుకున్న రోజు నాకు చాలాసేపు మాట రాలేదు. మీది పొడుగు చెయ్యి అయినా, పసివాడి చెయ్యి అయినా ఎవరి వేళ్ళు వాళ్ళ గుండెకే తీసుకెళతాయి.

ఇక నా మనసుకి తోచింది చెబుతాను, ఇది భాష్యాల్లో వెతకొద్దు. శివాభిషేకంలో చదివే రుద్రం పదకొండో అనువాకం చివర "దశ ప్రాచీర్దశ దక్షిణా దశ ప్రతీచీర్దశోదీచీర్దశోర్ధ్వాః" అని వస్తుంది. తూర్పుకి పది, దక్షిణానికి పది, అలా పైకి కూడా పది. ఏమిటా పది అంటే, అంజలి పట్టిన పది వేళ్ళు అని పెద్దలే చెప్పారు. మరి పురుషసూక్తంలోని పది అంగుళాలు కూడా ఇవే ఎందుకు కాకూడదు? ఆయన లోకాన్ని మించి నిలిచింది ఎంత మేర అంటే సరిగ్గా మన రెండు చేతులు కలిసినంత మేర. యశోదమ్మ ఎన్ని తాళ్ళు ముడేసినా రెండంగుళాలు తక్కువైన కథ మీకు తెలిసిందే. తల్లి అలసట చూసి ఆయనే ఒదిగాడు కానీ, ఆమె తాడు వదల్లేదు, రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి.

మా అమ్మకి మూడేళ్ళ క్రితం పక్షవాతం వచ్చింది. ఎడంచెయ్యి పోయింది. ఆసుపత్రి నుంచి మాధవధారలో ఇంటికి తెచ్చిన మొదటి సాయంత్రం దీపం పెట్టాను. అమ్మ కుడిచేత్తో ఆ చచ్చుబడిన ఎడంచేతిని మెల్లగా పైకెత్తింది, అది జారి ఒళ్ళో పడింది, మళ్ళీ ఎత్తింది, గుండెకి ఆనించి పట్టుకుని ఒక్కో వేలూ సరిచేసి దాని మీద కుడి అరచెయ్యి పెట్టింది. "నేను పట్టుకోనా అమ్మా" అంటే వద్దని తల ఊపింది. ఎంతసేపు పట్టినా ఈ రోజుకీ అలాగే పెడుతుంది. ఒక చేత్తో పెడితే స్వామి ఒప్పుకోడా అంటే ఎందుకు ఒప్పుకోడు, తప్పకుండా ఒప్పుకుంటాడు. ఒప్పుకోనిది అమ్మే.

అందుకే రెండు చేతులూ బాగున్నవాళ్ళు ఫోను కోసం ఒకటి దాచుకుంటే నాకు కోపం వస్తుంది, ఏడుపూ వస్తుంది. గిరిప్రదక్షిణ ముప్పై రెండు కిలోమీటర్లు. క్రోసుకి రెండు మైళ్ళని పాతలెక్క వేస్తే పది క్రోసులు, చూశారా, అక్కడా పదే! ఎన్ని అడుగులు వేశామో వాచీ లెక్కపెడుతుంది, స్టేటస్‌లో పెట్టుకుంటాం. పెట్టుకోండి, నేను కాదనను. కానీ తొలిపావంచా దగ్గర ఒక్క నిమిషం ఫోను సంచీలో పడేయండి. దారిలో అప్పన్న రథం కనిపించినప్పుడు ఇంకోసారి. మళ్ళీ కొండ కిందికి చేరినప్పుడు, కాళ్ళు బొబ్బలెక్కి నిలబడలేకపోతున్నా సరే, పది వేళ్ళూ కలపండి.

ఈ ఏడు మాధవధార దగ్గర రోడ్డు పక్కన కుర్చీ వేసి అమ్మని కూర్చోబెడతాం, నడిచేవాళ్ళకి మజ్జిగ ఇస్తాం. అటు వస్తే ఆగండి. అమ్మ దండం పెట్టడానికి కొంచెం టైం పడుతుంది, పూర్తయ్యేదాకా ఉండి వెళ్ళండి.