ఓబర్లిన్‌లో ఒక చదువుల భవనం

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, క్లీవ్‌లాండ్‌కు నైరుతిగా ఉన్న ఓబర్లిన్ అనే చిన్న ఊరికి నేను వెళ్లింది, అక్కడి కళాశాలలోని ఆడమ్ జోసెఫ్ లూయిస్ సెంటర్‌ను కళ్లారా చూడడానికే. పర్యావరణ అధ్యయన విభాగానికి నెలవైన ఈ భవనం 2000లో ప్రారంభమైంది. ఆచార్య డేవిడ్ ఓర్ విద్యార్థులతో, ఊరివారితో చర్చలు జరిపి దీనికి సంకల్పం చేయగా, విలియం మెక్‌డొనో బృందం రూపకల్పన చేసింది.

దక్షిణాన ఉన్న అద్దాల హాలులోకి అడుగు పెట్టేసరికి, వాలుగా పడుతున్న ఎండ నేలమీద చాలా లోపలి దాకా పరచుకుని ఉంది. కాంక్రీటు, ఇటుక ఆ వేడిని పగలు దాచుకుని, చల్లబడ్డాక మెల్లగా వదులుతాయి. మిగిలిన అవసరాన్ని భూమిలోకి దించిన 24 బోర్లకు అనుసంధానించిన హీట్ పంపులు, అంటే భూమిలోని వేడిని భవనంలోకి చేరవేసే యంత్రాలు, తీరుస్తాయి.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం మురుగునీటిని శుద్ధిచేసే గాజుగది దగ్గర. మరుగుదొడ్ల నుంచి వచ్చిన నీరు ముందు గాలి తగలని తొట్లలో నిలిచి, ఆ తర్వాత పెద్ద ఆకుల మొక్కలు పెరిగే తెరిచిన తొట్లలోకి ప్రవహిస్తుంది. నీటిలోకి వేలాడే వేళ్లను పట్టుకుని బతికే సూక్ష్మజీవులే మలినాన్ని విడగొడతాయి. శుద్ధమైన నీరు తిరిగి మరుగుదొడ్లకే చేరుతుంది. లోపల తడిమట్టి వాసన తప్ప మరేమీ లేదు. తాము వాడిన నీరు ఎటు పోతుందో విద్యార్థులకు ఇంత దగ్గరగా చూపడం ఏ పాఠ్యపుస్తకానికీ సాధ్యం కాదని నాకనిపించింది.

అయితే ఈ భవనం నుంచి నేర్చుకోవలసిన అసలు విషయం దాని తొలినాళ్లలోనే ఉంది. పైకప్పు మీది సౌరఫలకాలు ఇచ్చే విద్యుత్తు కన్నా భవనం వాడుకునేదే ఎక్కువని, అదే కళాశాల భౌతికశాస్త్ర ఆచార్యుడు జాన్ స్కోఫీల్డ్ మీటరు లెక్కలతో ప్రచురించి చూపారు. దాంతో, వేడి కోసం ఎక్కువ కరెంటు లాగే విద్యుత్ బాయిలర్‌ను తొలగించారు. 2006లో వాహనాల నిలుపుదల స్థలం మీద మరిన్ని ఫలకాలు అమర్చారు. కొలిచి, ఒప్పుకుని, సరిదిద్దుకున్న ఈ క్రమమే నాకు నిర్మాణం కన్నా గొప్పగా తోచింది. విద్యార్థుల వసతిగృహాల్లోనూ ఇదే రుజువైంది: 2005లో రెండు వారాల పోటీలో ఏ గృహం ఎంత విద్యుత్తు వాడుతోందో విద్యార్థులకు తెలిసేలా చేస్తే, మొత్తం వాడకం 32 శాతం తగ్గింది.

ఏ ప్రాంగణంలోనైనా ఇలాంటి కొత్త భవనం ఒకటుంటే, పాతవి పదుల్లో ఉంటాయి. ఓబర్లిన్‌లో 2021లో చేపట్టిన పని ఆ పాతవాటి కోసమే: భవనాలకు వేడినిచ్చే ఆవిరి గొట్టాల స్థానంలో తక్కువ ఉష్ణోగ్రతతో నడిచే వేడినీటి గొట్టాలు వేసి, వాటిని భూగర్భ బావులతో కలపడం. ఆవిరి కన్నా వేడినీటికి దారిలో నష్టం తక్కువ. హీట్ పంపులు సమర్థంగా అందించేదీ ఆపాటి వేడినే. కాబట్టి వీధి కింది గొట్టాలతో పాటు ప్రతి భవనం లోపలి ఏర్పాట్లనూ మార్చక తప్పదు.