అంబాసిడర్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ మార్పు: వాషర్లు చెప్పిన సంగతి

చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేయగానే కార్బ్యురేటర్ ఉన్న వైపు నుంచి టక్‌టక్‌మని శబ్దం వస్తూ, బండి వేడెక్కేకొద్దీ అది తగ్గిపోతుంటే, టాపెట్ల శబ్దమని భావించి వాల్వు గ్యాప్ సరిచేసి ఊరుకోవడం పరిపాటి. గ్యాప్ సరిగా ఉన్నప్పటికీ శబ్దం పోకపోతే అనుమానించవలసినది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్‌ను, అంటే పొగను బయటికి తీసుకెళ్లే ఇనుప గొట్టాల భాగానికీ ఇంజన్ హెడ్‌కూ మధ్య సందు లేకుండా వేసే పలచటి పొరను. వేడికి ఇనుము వ్యాకోచించి సందును కొంత మూసివేస్తుంది కాబట్టే శబ్దం తగ్గుతుంది. అమలాపురం దగ్గర మా ఇంటి పాకలో నేను బాగుచేసుకుంటున్న 1489 సీసీ పెట్రోలు అంబాసిడర్‌లో ఈ లక్షణంతో పాటు మరొకటి కూడా కనిపించింది: స్లో రన్నింగులో రేసు నిలకడగా ఉండడం లేదు.

ఈ ఇంజన్ హెడ్‌కు పెట్రోలు, గాలి మిశ్రమం లోపలికి వెళ్లే ఇన్‌టేక్ రంధ్రాలు రెండే, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ రంధ్రాలు మూడు. అన్నీ ఒకే వైపున ఉంటాయి. ముందున్న ఇన్‌టేక్ రంధ్రం మొదటి, రెండవ సిలిండర్లకూ, వెనుకది మూడు, నాలుగు సిలిండర్లకూ మిశ్రమాన్ని అందిస్తుంది. అందువల్ల ఒక ఇన్‌టేక్ రంధ్రం దగ్గర గాలి లోపలికి లీకైతే, మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి పక్కపక్కనున్న రెండు ప్లగ్గులు కలిసి పాలిపోతాయి. నా బండిలో మొదటి రెండు ప్లగ్గులు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి, తక్కిన రెండూ గోధుమ రంగులో ఉన్నాయి. ఇంజన్ తిరుగుతుండగా ముందు ఇన్‌టేక్ కీలు మీద సన్నగా నీళ్లు చిలకరించగానే రేసు మారింది. కొందరు ఈ పరీక్షకు పెట్రోలు గానీ కార్బ్యురేటర్ క్లీనర్ గానీ వాడతారు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ ఒకదానినొకటి ఆనుకొని ఉండే ఈ ఇంజన్‌పై అది నిప్పుతో చెలగాటమే కనుక దయచేసి వాడకండి. ఎగ్జాస్ట్ వైపు సంగతి, ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి సబ్బునీళ్లు పూస్తే వెనుక చివర బుడగలు రావడంతో తేలిపోయింది. అక్కడ హెడ్ మీద మసి చార కూడా ఉంది. వర్షాకాలంలో అద్దాలు మూసుకొని తిరిగే బండిలోకి ఈ పొగ చేరితే ప్రమాదం. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

విప్పడంలో అసలు కష్టం స్టడ్లతోనే, అంటే మానిఫోల్డులను పట్టి ఉంచే, హెడ్‌లోకి బిగించిన మరల కడ్డీలతోనే. సముద్రపు గాలి తగిలే మా కోనసీమలో తుప్పు తొందరగా పట్టుకుంటుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచి, ఉదయం ప్రతి నట్టునూ మొదట కొద్దిగా బిగించి, ఆ తర్వాత వదులు చేస్తే స్టడ్ విరగకుండా వచ్చింది. అంతకుముందే బ్యాటరీ తీగ తీసి, పెట్రోలు పైపు చివర మూసి, ఎయిర్ క్లీనర్, చోక్, యాక్సిలరేటర్ లింకులు, సైలెన్సర్ పైపు క్లాంపు విడదీశాను.

విప్పిన తర్వాత నన్ను ఎక్కువసేపు ఆపినవి వాషర్లు. ఈ ఇంజన్‌లో కొన్ని స్టడ్ల మీద ఒకే మందపాటి వాషర్ ఇటు ఇన్‌టేక్ ఫ్లాంజ్‌నూ (హెడ్‌కు ఆనే చదునైన అంచును) అటు ఎగ్జాస్ట్ ఫ్లాంజ్‌నూ కలిపి నొక్కుతుంది. ముందున్న వాషర్‌ను తుడిచి చూస్తే ఎగ్జాస్ట్ మీద ఆనే సగం నున్నగా మెరుస్తోంది, ఇన్‌టేక్ మీద ఆనవలసిన సగం మీద మాత్రం తుప్పు చెదరలేదు. వెర్నియర్‌తో కొలిస్తే అక్కడ ఇన్‌టేక్ ఫ్లాంజ్ 0.3 మిల్లీమీటర్లు పలచగా ఉంది. ఆ తేడా ఉన్నంతకాలం ఎన్ని కొత్త గ్యాస్కెట్లు వేసినా ముందు ఇన్‌టేక్ లీకవుతూనే ఉంటుంది. ఉక్కు స్కేలు నిలువుగా ఆనించి చూడగా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వెనుక చివర 0.2 మిల్లీమీటర్ల ఫీలర్ (సందు కొలిచే పలచటి రేకు) దూరింది, అంటే వేడికి వంగిందన్నమాట. నా ఉద్దేశంలో గ్యాస్కెట్ కొనడానికి ముందు చేయవలసిన కొలతలు ఈ రెండే.

రాజమండ్రిలో ఒక లేత్ షాపులో రెండు మానిఫోల్డులనూ ఒకే మట్టంలో ఫేసింగ్ చేయించి (హెడ్‌కు ఆనే ముఖాలను చదునుగా చెక్కించి), ఎక్కువ మందంగా ఉన్న ఎగ్జాస్ట్ ఫ్లాంజ్‌పై వాషర్ కూర్చునే చోటును సమానం చేయించాను. కొత్తగా చెక్కిన ఇనుము ఇక్కడి చెమ్మకు తెల్లారేసరికి తుప్పెక్కుతుంది కనుక పలచగా నూనె రాసి ఉంచి, బిగించేముందు థిన్నర్‌తో తుడిచాను.

హెడ్‌పై పాత గ్యాస్కెట్‌ను గీకేటప్పుడు రంధ్రాలలో గుడ్డలు కుక్కాను. పాతవాటిలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున తడిపి, మాస్కు పెట్టుకొని, ఇత్తడి రేకుతో గీకాను. కొత్త గ్యాస్కెట్‌ను ముందుగా హెడ్‌కు పట్టి, దాని అంచు ఏ రంధ్రంలోకీ పొడుచుకు రావడం లేదని చూసుకున్నాను. సిలికాన్ సీలెంటు వేయలేదు, ఎగ్జాస్ట్ వేడికి అది నిలవదు. కొత్త ఇత్తడి నట్లను మధ్య నుంచి చివరలకు, మూడు విడతలుగా 20 న్యూటన్ మీటర్ల వరకు బిగించాను.

కొత్తపేట మీదుగా రావులపాలెం వెళ్లివచ్చి, ఇంజన్ పూర్తిగా చల్లారాక మళ్లీ టార్క్ రెంచ్ పెడితే మధ్య నట్లు కొద్దిగా తిరిగాయి, చివరివి కదలలేదు. చల్లటి స్టార్టులో శబ్దం లేదు, రేసు నిలకడగా ఉంది, అయితే లీకు ఉన్నప్పుడు కార్బ్యురేటర్‌లో చేసుకున్న సర్దుబాటు ఇప్పుడు పనికిరాక మిశ్రమం స్క్రూను తిరిగి తిప్పవలసి వచ్చింది. మొదటి రెండు ప్లగ్గుల తెలుపు గోధుమ రంగుకు తిరుగుతోంది.